చెక్క బంతులతో ఫాస్ఫోలిపిడ్ మోడల్: ఏ బంధం తిరగాలి, ఏది తిరగకూడదు

చేస్తున్నది పీఓపీసీ అనే ఫాస్ఫోలిపిడ్, అంటే ఫాస్ఫేట్ ఉన్న తల, కొవ్వు గొలుసుల తోకలు రెండు ఉన్న అణువు, కణాల చుట్టూ ఉండే పొరలో మామూలుగా కనిపించే రకం. లెక్క ఇది: కార్బన్ 42, హైడ్రోజన్ 82, ఆక్సిజన్ 8, నైట్రోజన్ 1, ఫాస్ఫరస్ 1, మొత్తం 134 పరమాణువులు. వలయాలేమీ లేవు కాబట్టి వాటిని కలిపే జోడింపులు ఒకటి తక్కువ, 133. ఎవరైనా ఇదే చేయాలనుకుంటే నేను పాడుచేసిన బంతులు వాళ్లు పాడుచేసుకోకూడదని ప్రతి దశలో కొలతలు, మార్చినవి, ఎందుకు మార్చానో రాసుకుంటూ వచ్చా.

## దశ 1: థర్మకోల్, టూత్‌పిక్‌లు (వదిలేశా)

చాలామంది ఇక్కడే మొదలుపెడతారు కాబట్టి ఇది కూడా రాస్తున్నా. స్టియరిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం గొలుసు ఒక్కటే, 18 కార్బన్లు, హైడ్రోజన్లు లేకుండా.

1. టూత్‌పిక్ మొదటిసారి గుచ్చితే గట్టిగానే ఉంటుంది, తీసి మళ్లీ గుచ్చితే బొక్క వదులైపోతుంది, మూడోసారికి బంతి దానంతట అదే ఊడి పడుతుంది.
2. స్ప్రే పెయింట్ కొట్టా. అందులోని సాల్వెంట్ థర్మకోల్‌ని కరిగించేస్తుంది, 11 బంతులు గుంటలు పడి ముడుచుకుపోయాయి. రంగు వేయాల్సిందే అనుకుంటే నీళ్లలో కలిసే యాక్రిలిక్, అదీ బ్రష్‌తో.
3. కోణాలు కంటితో చూసి గుచ్చా. తర్వాత కోణమానిని పెట్టి కొలిస్తే 95 డిగ్రీల నుంచి 128 దాకా ఉన్నాయి, రావాల్సింది 109.5.

వదులైన బొక్కలన్నీ జిగురుతో బిగించేశా, గొలుసు నిటారుగా నిలబడింది, చూడ్డానికి బానే ఉంది. కానీ దాన్ని చూసినవాళ్లలో ఒకరు అడిగిన ప్రశ్నతో అసలు పని మొదలైంది. కొవ్వు గడ్డకట్టి ఉన్నప్పుడు గొలుసు ఇలా ఉంటుంది సరే, కరిగి కారేటప్పుడు కూడా ఇలాగే ఉంటుందా అని. ఉండదు. కరిగినప్పుడు ఆ గొలుసులో ఒక్కో సింగిల్ బంధం దగ్గర మెలి తిరుగుతూ ఉంటుంది, పొడవు మారిపోతుంది, పక్క గొలుసుతో సర్దుకుని కూర్చోలేదు, అందుకే అది ద్రవం. జిగురేసిన మోడల్‌తో ఇది చెప్పడం కుదరదు. మాటల్లో చెప్పొచ్చు గానీ చేతిలో ఉన్న వస్తువు ఇంకోటి చెబుతుంటే చూసేవాళ్లు వస్తువునే నమ్ముతారు. అందుకని నియమం ఒకటి పెట్టుకున్నా: అసలు అణువులో తిరిగేది మోడల్‌లో తిరగాలి, తిరగనిది తిరగకూడదు, వంగనిది వంగకూడదు. కింది గొడవంతా ఈ నియమం కోసమే.

ఇప్పటిదాకా: 9 గంటలు, వాడగలిగే బంతులు 0.

## దశ 2: స్కేలు, సామాను

1 ఆంగ్‌స్ట్రామ్ = 2 సెంటీమీటర్లు అనుకున్నా (పరమాణువుల దూరాలు కొలిచే ఈ ప్రమాణం మీటరులో వెయ్యి కోట్లవ వంతు). ఇంకా పెద్దది తీసుకుంటే మొత్తం అణువు మీటరు దాటుతుంది, చిన్నది తీసుకుంటే బొక్కలు వేయడానికి చోటుండదు. ఈ స్కేల్లో తలా తోకా సాగదీసిన పీఓపీసీ దాదాపు 65 సెం.మీ. వస్తుంది.

రెండు బంతుల మధ్యబిందువుల దూరం, మిల్లీమీటర్లలో:

1. కార్బన్–కార్బన్ సింగిల్: 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే 30.8
2. కార్బన్–కార్బన్ డబుల్: 1.34, అంటే 26.8
3. కార్బన్–హైడ్రోజన్: 1.09, అంటే 21.8
4. కార్బన్–ఆక్సిజన్ సింగిల్: 1.43, అంటే 28.6
5. ఫాస్ఫరస్–ఆక్సిజన్: సుమారు 1.6, అంటే 32

సామాను: బొక్కల్లేని గట్టి చెక్క బంతులు, హైడ్రోజన్‌కి 12 మి.మీ., మిగతా అన్నిటికీ 18 మి.మీ. పూసలు వద్దు, వాటికి ముందే ఒక బొక్క ఇటునుంచి అటు ఉంటుంది, మనకి కావాల్సిన నాలుగు దిక్కుల్లో ఏ రెండూ ఎదురెదురుగా ఉండవు, ఆ బొక్క ఎక్కడో ఒకచోట అడ్డం వస్తుంది. పుల్లలకి 3 మి.మీ. వెదురు పుల్లలు తీసుకున్నా, కట్టలో ఉన్నవన్నీ 3 ఉండవు, వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే 2.6 నుంచి 3.2 దాకా ఉన్నాయి, 2.9–3.0 మధ్య వచ్చినవి మాత్రం పక్కకి తీసి పెట్టుకున్నా. సగం కట్ట పోయింది కానీ ఈ ఏరుడు మానొద్దు, తర్వాత దశ 4 మొత్తం దీని మీదే ఆధారపడింది.

పుల్ల పొడవు = మధ్యబిందువుల దూరం − రెండు బంతుల వ్యాసార్ధాలు + రెండు బొక్కల లోతులు (18 మి.మీ. బంతికి 6, హైడ్రోజన్ బంతికి 4). కార్బన్–కార్బన్‌కి 30.8 − 18 + 12 = 24.8 మి.మీ. హైడ్రోజన్ పుల్లకి 21.8 − 15 + 10 = 16.8.

రంగులు: కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం, ఫాస్ఫరస్ నారింజ. ఇందులో మొదటి నాలుగూ చాలా పాతవి, 1865లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రోకే ఆట బంతులకి పుల్లలు గుచ్చి ఉపన్యాసం చెప్పినప్పటివి.

ఇప్పటిదాకా: 12 గంటలు.

## దశ 3: 109.5 డిగ్రీలు

ఎక్కువ రోజులు పట్టింది దీనికే. గుండ్రటి బంతి మీద నాలుగు బొక్కలు, ఏ రెంటి మధ్యా 109.5 డిగ్రీలే ఉండాలి. పీఓపీసీలో ఇలాంటి బంతులు 40 కావాలి, 38 కార్బన్లు, నైట్రోజన్, ఫాస్ఫరస్.

మొదటి పద్ధతి. లెక్క ప్రకారం ఒక బొక్క నడినెత్తిన ఉంటే మిగతా మూడూ కింద ఒకే ఎత్తులో ఉంటాయి, ఆ ఎత్తు నేల నుంచి వ్యాసార్ధంలో మూడింట రెండొంతులు. 18 మి.మీ. బంతికి 6 మి.మీ. చాలా బాగుంది కదా అని 6 మి.మీ. ప్లైవుడ్ ముక్క మీద పెన్సిల్ పడుకోబెట్టి బంతిని దాని మొనకి ఆనించి తిప్పా, చుట్టూ గీత పడింది. 14 బంతులకి అలా గీసి బొక్కలు వేసి గొలుసు కడితే మెట్లు మెట్లుగా వచ్చింది. కోణం కొలిస్తే 87.

తప్పు ఎక్కడంటే పెన్సిల్ మొన ప్లైవుడ్ మీద ఆని ఉండదు, పెన్సిల్ మందంలో సగం పైకి ఉంటుంది. 7 మి.మీ. పెన్సిల్ కాబట్టి మొన 6 దగ్గర కాకుండా 9.5 దగ్గర ఉంది, అంటే బంతి నడుముకి కొంచెం పైన. 14 బంతులూ పోయాయి. ఆ మెట్ల గొలుసు చూస్తే హాఫ్‌మన్ మోడళ్లు గుర్తొచ్చాయి, ఆయన బంతుల్లో నాలుగు పుల్లలూ ఒకే తలంలో లంబకోణాల్లో ఉండేవి, కార్బన్ బంధాలు నాలుగు మూలలకి విడిపోయి ఉంటాయని వాంట్ హాఫ్, ల బెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు విడివిడిగా చెప్పింది 1874లో.

రెండో పద్ధతి, ఇప్పుడు వాడుతున్నది. ఎత్తుల గొడవ లేదు, వృత్తలేఖిని ఒక్కటి చాలు. నాలుగు బొక్కల్లో ఏ రెంటి మధ్య నేరు దూరం తీసుకున్నా ఒకటే, బంతి వ్యాసం × 0.816. 18 మి.మీ.కి 14.7.

1. వృత్తలేఖిని 14.7 మి.మీ.కి తెరిచి బిగించు, కాలిపర్‌తో సరిచూడు.
2. బంతి మీద ఎక్కడో ఒకచోట సన్న మేకుతో గుంట పెట్టు. ఇది ఒకటో బొక్క.
3. ఆ గుంటలో ముల్లు పెట్టి చుట్టూ వృత్తం గీయి.
4. వృత్తం మీద ఎక్కడైనా రెండో గుంట పెట్టు.
5. రెండో గుంటలో ముల్లు పెట్టి అదే కొలతతో వృత్తం మీద రెండు వైపులా గుర్తు గీయి. అవే మూడు, నాలుగు.
6. మూడుకీ నాలుగుకీ మధ్య కూడా 14.7 రావాలి. అర మిల్లీమీటరు కంటే తేడా ఉంటే ఆ బంతి పక్కన పెట్టు.

ఆరో స్టెప్ వదిలేయకండి, పాడైన బంతి అక్కడే దొరికిపోతుంది, బొక్క వేశాక కాదు.

బొక్కలు వేసేటప్పుడు ఇంకో రెండు తప్పులు జరిగాయి. ఒకటి, బంతిని చేత్తో పట్టుకుని డ్రిల్ చేస్తే తిరిగిపోయింది, వేలు గీసుకుపోయింది. రెండు చెక్క ముక్కల్లో 15 మి.మీ. బొక్కలు వేసి బంతిని వాటి మధ్య శాండ్‌విచ్‌లా పెట్టి సి–క్లాంప్‌తో బిగిస్తే కదలదు, పై బొక్కలోంచి గుర్తు కనబడుతుంది, డ్రిల్ నిటారుగా దిగుతుంది. రెండోది లోతు. మొదట 8 మి.మీ. దించా, గట్టిగా పట్టుకుంటుందని. నాలుగు వైపుల నుంచి 8 దిగితే లోపల బొక్కలన్నీ కలిసిపోతాయి, ఒక పుల్ల గుచ్చితే ఇంకోటి బయటికి వస్తుంది. 6 సరిపోతుంది. డ్రిల్ బిట్‌కి 6 మి.మీ. దగ్గర ఎర్ర టేపు చుట్టి పెట్టుకున్నా.

కంటితో గుచ్చినది, వృత్తలేఖినితో గుచ్చినది రెండూ 18 కార్బన్ల గొలుసులుగా కట్టి కొలిచా. ఒక్కో కార్బన్‌కి 25.15 మి.మీ. చొప్పున 17 బంధాలకి 427.6 రావాలి. కంటితో చేసినది 398 వచ్చింది, పైగా విల్లులా వంగింది. వృత్తలేఖినితో చేసినది 426. ఒక్కో కోణంలో రెండు మూడు డిగ్రీలు పెద్ద విషయం కాదనిపిస్తుంది, 16 కోణాలు వరసగా ఒకదాని మీద ఒకటి ఎక్కితే గొలుసు వేరే చోట తేలుతుంది.

ఇప్పటిదాకా: 29 గంటలు. తయారైనవి 18/134. పాడైన చెక్క బంతులు 19.

## దశ 4: తిరిగే కీలు

ముందు సులువు దారి చూశా. పుల్లల బదులు అక్వేరియంలో గాలికి వాడే మెత్తని ట్యూబు ముక్కలు. తిరిగింది, కానీ వంగింది కూడా, ఒక చివర పట్టుకుంటే గొలుసంతా తాడులా వేలాడింది. చూసినవాళ్లకి కొవ్వు గొలుసు అంటే తాడు అనే అభిప్రాయం పడుతుంది. అది నిజం కాదు, బంధాల మధ్య కోణం దాదాపు అలాగే ఉంటుంది, మెలిక మాత్రమే మారుతుంది. గొలుసు మెత్తదనమంతా మెలికల్లోంచే వస్తుంది, ఈ ఒక్క సంగతి చేతికి తెలియాలనే ఇంత పని. ట్యూబులన్నీ పీకేశా.

తర్వాత వెదురు పుల్ల ఒక చివర జిగురు, ఇంకో చివర జిగురు లేకుండా వదులు. 3.0 బొక్కలో తిరగలేదు, బిగుసుకుపోయి బంతి పగిలింది. 3.2 బొక్కలో తిరిగింది కానీ తనంతట తానే తిరిగిపోతోంది, పెట్టిన చోట ఆగట్లేదు, హైడ్రోజన్లు పెట్టాక బరువుకి ఊడిపోతోంది కూడా.

కుదిరింది ఇది:

1. జిగురు చివర 3.0 బిట్, తిరిగే చివర 3.2 బిట్.
2. తిరిగే చివర పుల్లకి నల్లాల దగ్గర వాడే టెఫ్లాన్ టేపు ఒకటిన్నర చుట్టు, లాగి పట్టుకుని చుట్టాలి.
3. మెలిపెడుతూ లోపలికి నొక్కాలి, నేరుగా నెడితే టేపు జరిగిపోయి పైన ముద్దగా చేరుతుంది.
4. పుల్ల మీద ఒక చుక్క, బంతి మీద మూడు చుక్కలు, 120 డిగ్రీలకి ఒకటి చొప్పున. ఒకటి ట్రాన్స్, అంటే గొలుసు నిటారుగా సాగే స్థితి, మిగతా రెండూ పక్కకి మెలిపడే స్థితులు, కుడి గోష్, ఎడమ గోష్.

గొలుసుని అడ్డంగా పట్టుకున్నా పెట్టిన ఆకారంలోనే ఉంటోంది, చేత్తో తిప్పితే మెత్తగా తిరుగుతోంది. 2.6 పుల్లలకి టేపు నాలుగు చుట్లు చుట్టినా పట్టు రాలేదు, ఏరిపెట్టుకోవడం ఇక్కడ అక్కరకొచ్చింది.

హైడ్రోజన్లు రెండు వైపులా జిగురుతోనే, అవి తిరిగినా తిరగకపోయినా కనబడదు కదా.

ఇప్పటిదాకా: 37 గంటలు. తయారైనవి 53/134. పాడైనవి 21.

## దశ 5: డబుల్ బాండ్

పీఓపీసీలో రెండు తోకలు. ఒకటి పామిటిక్, 16 కార్బన్లు, అన్నీ సింగిల్. రెండోది ఒలీయిక్, 18 కార్బన్లు, 9కీ 10కీ మధ్య ఒక డబుల్, అది సిస్ రకం, అంటే గొలుసు రెండు ముక్కలూ డబుల్‌కి ఒకే పక్కన ఉంటాయి.

మొదట తొందరలో అక్కడ కూడా ఒకే పుల్ల పెట్టి పైన ఎర్ర గీత గీశా, డబుల్ అని గుర్తుకి. ఎవరో చేతిలోకి తీసుకుని గొలుసు సరిచేద్దామని తిప్పారు, సిస్ కాస్తా ట్రాన్స్ అయిపోయింది, అంటే రెండు ముక్కలూ డబుల్‌కి ఎదురు పక్కలకి వెళ్లాయి. ఒలీయిక్ యాసిడ్ ఎలైడిక్ యాసిడ్‌గా మారిపోయిందన్నమాట. ఒకే ఫార్ములా, కానీ ఒలీయిక్ 13–14 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ఎలైడిక్ 45కి కాస్త అటూఇటూ, అసలు డబుల్ లేని స్టియరిక్ 69 దగ్గర. ఇంత తేడా తెచ్చే బంధం చేత్తో తిప్పితే తిరిగిపోతోందంటే మోడల్‌లో ముఖ్యమైన ముక్కే తప్పు.

మార్చినది: డబుల్‌కి రెండు సమాంతర లోహపు పుల్లలు, 2 మి.మీ. సైకిల్ స్పోకు ముక్కలు, 20.8 మి.మీ. పొడవు, మధ్య దూరం 5 మి.మీ. రెండు కడ్డీలు ఉంటే తిరిగే ప్రశ్నే లేదు.

ఈ కార్బన్‌కి బొక్కలు వేరే, మూడు దిక్కులూ ఒకే తలంలో 120 డిగ్రీలకి. ముందు బంతి నడుము గీయాలి, ఏదైనా ఒక చుక్క నుంచి వ్యాసం × 0.707, అంటే 12.7తో వృత్తం గీస్తే అదే నడుము. దాని మీద వ్యాసం × 0.866, అంటే 15.6 చొప్పున మూడు గుర్తులు.

ఇక్కడ మూడు బంతులు పోయాయి. ఒక కార్బన్‌కి జంట బొక్కలు నడుము గీత మీద పక్కపక్కన వేశా, రెండోదానికి గీతకి పైనొకటి కిందొకటి వేశా. కలిపితే రెండు వైపుల తలాలు 90 డిగ్రీలు మెలిపడ్డాయి, డబుల్ అలా ఉండే ప్రసక్తే లేదు. ఇప్పుడు నియమం: జంట బొక్కలు ఎప్పుడూ నడుము గీతకి పైన 2.5, కింద 2.5. కార్బన్–ఆక్సిజన్ డబుల్‌కి కూడా అదే.

కట్టాక మిగతా బంధాలన్నీ ట్రాన్స్‌లో పెట్టి వంపు కొలిచా, 48 డిగ్రీలు వచ్చింది, 120 కోణాలతో కాగితం మీద లెక్క వేస్తే 49.5. అసలు అణువులో డబుల్ పక్క కోణం 120 కంటే కొంచెం ఎక్కువ కాబట్టి వంపు ఇంకొంచెం తగ్గుతుంది. ఆ తర్వాత డబుల్‌కి అటూ ఇటూ ఉన్న సింగిల్ బంధాలని ఎదురెదురు దిక్కుల్లో తిప్పితే వంపు బాగా తగ్గిపోయింది. బొమ్మల్లో ఒలీయిక్ తోకని మోకాలు విరిగినట్టు గీస్తారు, ఎప్పుడూ అలాగే బిగుసుకుని ఉంటుందనిపిస్తుంది. చేతిలో తిప్పితే తెలిసేది వేరు, తిరగనిది ఆ ఒక్క బంధమే, దాని పక్కవి మామూలు కంటే కూడా సులువుగా సర్దుకుంటాయి, అయినా ఎంత సర్దినా పామిటిక్ తోక పక్కన అంత చక్కగా అతుక్కుని కూర్చోదు.

ఇప్పటిదాకా: 43 గంటలు. తయారైనవి 72/134. పాడైనవి 24.

## దశ 6: గ్లిసరాల్, అద్దంలో బొమ్మ

తోకల్నీ తలనీ కలిపే ముక్క గ్లిసరాల్, మూడు కార్బన్లు, ఒకటోదానికి పామిటిక్, రెండోదానికి ఒలీయిక్, మూడోదానికి ఫాస్ఫేట్. జిగురుతో బిగించి తోకలు తగిలించా. రెండు విషయాలు తేడా కొట్టాయి.

ఒకటి, తోకలు రెండూ కాళ్లు ఎడం చేసి నిలబడ్డట్టు 60 డిగ్రీలు విడిపోయి ఉన్నాయి. బొమ్మల్లో పక్కపక్కనే కిందికి దిగుతాయి కదా. గ్లిసరాల్ దగ్గర జిగురు వేయడమే తప్పు. విప్పి టెఫ్లాన్ కీళ్లు పెట్టి తిప్పి చూస్తే పామిటిక్ తోక నేరుగా దిగుతుంది, ఒలీయిక్ తోక మాత్రం ముందు పక్కకి వెళ్లి తన రెండో కార్బన్ దగ్గర వంగి కిందికి దిగితేనే రెండూ సమాంతరం అవుతాయి. ఇలాంటి ఫాస్ఫోలిపిడ్ల స్ఫటికాల్ని ఎక్స్–రేతో చూసినప్పుడు కనిపించిన అమరిక కూడా ఇదే.

కానీ అన్నీ వదులు చేయకూడదు. తోక గ్లిసరాల్‌కి అతుక్కునే జోడింపుని ఎస్టర్ అంటారు, అందులో ఆక్సిజన్‌తో డబుల్ ఉన్నది కార్బొనైల్ కార్బన్. ఎస్టర్‌లో కార్బొనైల్ కార్బన్‌కీ పక్క ఆక్సిజన్‌కీ మధ్య బంధం కాగితం మీద సింగిలే, నిజానికి కొంత డబుల్ స్వభావం ఉంటుంది, సులువుగా తిరగదు, ఆ ముక్కంతా చదునుగా ఉంటుంది. అవి రెండు చోట్ల ఉన్నాయి, రెండూ చదునుగా పెట్టి జిగురు వేశా.

రెండోది అద్దం తప్పు. గ్లిసరాల్ మధ్య కార్బన్‌కి నాలుగూ వేరువేరు గుంపులు, కాబట్టి కుడి ఎడమ రెండు రకాలుగా కట్టొచ్చు. సరిచూసే పద్ధతి ఇది:

1. మధ్య కార్బన్ మీద ఉన్న హైడ్రోజన్ నీకు అవతల వైపుకి వెళ్లేలా పట్టుకో.
2. ఎస్టర్ ఆక్సిజన్ నుంచి ఫాస్ఫేట్ వైపు కార్బన్‌కి, అక్కణ్ణుంచి పామిటిక్ వైపు కార్బన్‌కి వేలితో చూపించు.
3. గడియారం ముల్లు తిరిగే దిక్కు వస్తే సరైనది, ఆర్ రకం.

నాది ఎదురు వచ్చింది. జిగురు వేసిన బంతి కాబట్టి ఇంకోటి చేయాల్సి వచ్చింది. ఆర్కియా అనే సూక్ష్మజీవుల పొరల్లో గ్లిసరాల్ ఈ ఎదురు చేతి రకమే, తోకలు వేరేలెండి, వాటికి ఎస్టర్ బదులు ఈథర్ బంధాలు, కొమ్మలున్న గొలుసులు. అందుకని ఆ పాత బంతిని పారేయలేదు, పక్కన పెట్టుకుని చూపిస్తున్నా.

ఇప్పటిదాకా: 52 గంటలు. తయారైనవి 107/134. పాడైనవి 25.

## దశ 7: తల

ఫాస్ఫేట్, దానికి తగిలించిన నైట్రోజన్ ఉన్న ముక్క కోలిన్. ఇక్కడ మార్చింది ఒక్కటే. పుస్తకంలో గీసినట్టు ఫాస్ఫరస్‌కి ఒక ఆక్సిజన్ డబుల్‌తో, ఇంకోటి మైనస్ గుర్తుతో చేశా. ఆ రెండు ఆక్సిజన్లూ అసలు అణువులో సమానమే, ఛార్జి రెండిటి మీదా పంచుకుని ఉంటుంది. రెండు రకాలుగా చూపిస్తే లేని తేడా కనబడుతుంది, అందుకని రెండిటికీ ఒకే పుల్ల, రెండిటి మీదా చిన్న మైనస్ చుక్క. దాంతో స్పోకు డబుల్స్ మొత్తం మూడే మిగిలాయి. వెదురు పుల్లలు 130, స్పోకు ముక్కలు 6, బొక్కలు 272.

తలని మొదట నిటారుగా నిలబెట్టా. కీళ్లు తిరుగుతాయి కాబట్టి సరిచేయడం నిమిషం పని, నిజానికి ఫాస్ఫరస్ నుంచి నైట్రోజన్‌కి గీసే గీత పొర ఉపరితలానికి దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది, కొంచెమే పైకి లేస్తుంది.

తూకం 171 గ్రాములు, రంగుతో కలిపి. ఇప్పటిదాకా: 60 గంటలు. 134/134. పాడైనవి 26.

## దశ 8: పాచికతో గొలుసు కరిగించడం

ముందు చేసిన పని అంతా దీనికోసమే. 18 కార్బన్ల గొలుసు విడిగా ఇంకోటి కట్టా, అన్నీ ట్రాన్స్, 426 మి.మీ. తర్వాత లోపలి ఒక్కో బంధానికి పాచిక వేయడం. 1 నుంచి 4 పడితే ట్రాన్స్, 5 కుడి గోష్, 6 ఎడమ గోష్. ట్రాన్స్ కొంచెం తక్కువ శక్తి స్థితి కాబట్టి దానికి ఎక్కువ వాటా ఇచ్చా, కచ్చితమైన నిష్పత్తి ఉష్ణోగ్రత బట్టి మారుతుంది, చేత్తో చూపించడానికి ఇది చాలు.

వరసగా కుడి గోష్ వెంటనే ఎడమ గోష్ పడితే హైడ్రోజన్ బంతులు ఒకదానికొకటి రాసుకుంటాయి, అసలు సైజులో అయితే అక్కడ చోటే లేదు. అలాంటప్పుడు మళ్లీ వేశా. హైడ్రోజన్లు లేని మోడల్లో ఇది తెలిసేది కాదు.

10 సార్లు వేస్తే చివరి నుంచి చివరి దూరం: అన్నిటికంటే పొడుగు 352, పొట్టి 171, సగటు 274 మి.మీ. ఏ రెండూ ఒకే ఆకారం రాలేదు. కొవ్వు కరిగితే గొలుసు ఎందుకు సర్దుకోలేదో ఇక మాటల్లో చెప్పక్కర్లేదు. ఒక జాగ్రత్త, ఇది ఒంటరి గొలుసు లెక్క, పొరలో అయితే ఒక చివర తలకి కట్టి ఉంటుంది, చుట్టూ గొలుసులుంటాయి, అంత ముడుచుకోనివ్వవు. పొరలో బాగా నప్పేది గోష్, ట్రాన్స్, ఎదురు గోష్ అనే మూడు బంధాల మెలిక, అది పెడితే గొలుసు దిక్కు మారదు, ఒక పక్కకి జరిగి, పొడవు సుమారు ఒక కార్బన్ అంత తగ్గుతుంది. నా మోడల్లో 24 మి.మీ. తగ్గింది.

ఇప్పటిదాకా: 64 గంటలు.

## దశ 9: చోటెంత

బంతీ పుల్లా మోడల్లో పెద్ద లోపం ఒకటుంది, పరమాణువుల మధ్య అంతా ఖాళీ అన్నట్టు కనబడుతుంది. అసలు సైజులో చేద్దామంటే ఈ స్కేల్లో ఒక్క హైడ్రోజనే 48 మి.మీ. బంతి కావాలి. అది మానేసి పారదర్శక ప్లాస్టిక్ షీటు గొట్టంలా చుట్టి ఒక్కో తోక చుట్టూ తొడిగా. నిటారుగా దగ్గరగా కూర్చున్న గొలుసు అడ్డుకోత సుమారు 18.5 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు, నా స్కేల్లో 74 చదరపు సెం.మీ., అంటే 9.7 సెం.మీ. వ్యాసం గొట్టం.

ద్రవంగా ఉన్న పొరలో ఒక పీఓపీసీకి సుమారు 64 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌ల చోటు ఉంటుంది, అట్ట మీద 16 సెం.మీ. చదరం గీస్తే అంతే, 256 చ. సెం.మీ. రెండు గొట్టాలకి కలిపి 148. మిగిలిన 108 ఏమిటి అంటే అదే మెలికలకి పోయే చోటు. దశ 8లో మెలి తిప్పిన గొలుసు గొట్టంలో పట్టదు, పట్టడానికి ఎంత చోటు కావాలో ఆ చదరంలో పెట్టి చూస్తే కళ్లకి కనబడుతుంది.

మొదట చేసిన గొట్టాలు 8 సెం.మీ. వ్యాసంతో, కొలత హైడ్రోజన్ బంతుల అంచు నుంచి అంచుకి తీశా. బంతి అంచు అంటే పరమాణువు అంచు కాదు, అందుకని మళ్లీ చేశా.

ఇప్పటిదాకా: 69 గంటలు.

## దశ 10: కొలెస్టరాల్ (నడుస్తోంది)

పొరలో ఫాస్ఫోలిపిడ్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి పక్కన ఇది కూడా ఉండాలి. 27 కార్బన్లు, 46 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్, 74 పరమాణువులు. ఇందులో 17 కార్బన్లు నాలుగు వలయాల్లో ఉన్నాయి, అక్కడ ఏదీ చుట్టూ తిరగదు, తిరిగేది చివరి తోకే.

తెరిచి ఉన్న గొలుసులో కోణం తప్పితే చివర పక్కకి పోతుంది అంతే, వలయంలో కోణం తప్పితే అసలు మూసుకోదు. మొదటి ఆరు బంతుల వలయం 4 మి.మీ. తేడాతో ఆగిపోయింది, బలవంతంగా వంచితే పుల్ల విరిగింది. తీసి కొలిస్తే రెండు బంతుల్లో మూడో బొక్కకీ నాలుగో బొక్కకీ మధ్య 14.7 కంటే దాదాపు అర మిల్లీమీటరు ఎక్కువ ఉంది, ఆ రెండూ పాత గొలుసులోంచి తెచ్చినవి, అక్కడ నడిచిపోయాయి. వలయాలకి అర మిల్లీమీటరు కాదు, 0.2 కంటే తేడా ఉన్నది తీసుకోవట్లేదు. కొత్త బంతులతో మొదటి వలయం కుర్చీ ఆకారంలో మూసుకుంది, జిగురు లేకుండానే నిలబడుతోంది. రెండో వలయంలో 5, 6 కార్బన్ల మధ్య డబుల్ ఉంది, స్పోకు ముక్కలు కోసి పెట్టా, ఆ వలయం పూర్తి కుర్చీ కాదు, సగం చదునుగా వస్తుంది.

ఇప్పటిదాకా: 78 గంటలు. కొలెస్టరాల్ 11/74. పాడైన బంతులు మొత్తం 30.